లాడ్జిలో వేడినీళ్లకు సోలారా, హీట్ పంపా?

ప్రశ్న: శ్రీకాళహస్తిలో మాకు 28 గదుల లాడ్జి ఉంది. మావారు పోయాక నేనే చూసుకుంటున్నాను. మూడంతస్తులు, ప్రతి గదికీ 15 లీటర్ల గీజర్, ఒక్కోటి 2 కిలోవాట్లు. కార్తీకంలో కరెంటు బిల్లు 58 వేలు వచ్చింది. అంతా గీజర్ల మహిమేనని మా మేనేజర్ అంటాడు. ఇంత ఖర్చు పెట్టినా తెల్లవారుజామున ‘నీళ్లు కాగలేదు’ అని రిసెప్షన్‌కు ఫోన్లు ఆగవు. 3000 లీటర్ల సోలార్ పెడతామని ఒకరు 4 లక్షల 20 వేలకు కొటేషన్ ఇచ్చారు. ఇంకొకరు హీట్ పంపు అంటున్నారు, ట్యాంకుతో కలిపి 5 లక్షలట, పద్దెనిమిది నెలల్లో డబ్బులు తిరిగొస్తాయట. గదికో గ్యాస్ గీజర్ పెట్టుకోమని మూడో ఆయన. మా మామయ్యగారేమో ‘కట్టెల బాయిలర్ ఉన్నన్నాళ్లూ ఏ యాత్రికుడూ చన్నీళ్లు పోసుకోలేదు, దాన్ని పీకేసి తప్పు చేశారు’ అంటారు. పై రెండంతస్తుల బాత్‌రూమ్‌లు కారుతున్నాయి, ఈ ఏడాది ఎలాగూ బాగు చేయించాలి. ఏది పెట్టుకోమంటారు?

— ఒక లాడ్జి యజమాని, శ్రీకాళహస్తి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో రాశారు. బాత్‌రూమ్‌లు ఎలాగూ పగలగొట్టిస్తున్నారు. అది లేకపోతే నా సలహా వేరేలా ఉండేది. ఉంది కాబట్టి ముందే చెప్పేస్తాను: మేడ మీద ఒక హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే యంత్రం), 2000 లీటర్ల ట్యాంకు, అక్కడి నుంచి అన్ని గదులకూ వేడినీళ్ల లైను. సోలార్ వాటర్ హీటర్ వద్దు. గ్యాస్ గీజర్ అసలే వద్దు. ఎందుకో, ఎంత మిగులుతుందో, ఎక్కడ దెబ్బ తినొచ్చో రాస్తాను. కాస్త పెద్దగానే ఉంటుంది, లెక్కలున్నాయి, ఓపిక పట్టండి.

ముందు మీ మేనేజర్ మాట చూద్దాం. నీళ్ల లెక్క సులువు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలో కేలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలో కేలరీలుంటాయి. మీ ట్యాంకులో నీళ్లు చలికాలం 26 డిగ్రీలుంటాయనుకుని 56కు కాచాలంటే, వెయ్యి లీటర్లకు 35 యూనిట్లు. ఏ కంపెనీ గీజరైనా, ఎన్ని స్టార్లున్నా, ఈ 35 తగ్గదు. స్టార్లు చెప్పేది వేరే సంగతి: నీళ్లు వాడకుండా ఊరికే నిలబెడితే గీజర్ ఎంత వేడి పోగొట్టుకుంటుందన్నది.

మరి మీకు ఎన్ని లీటర్లు కావాలి? గదికి ముగ్గురు చొప్పున, లాడ్జి నిండితే 84 మంది. స్నానానికి నీళ్లు 40 డిగ్రీలుంటే హాయి. బకెట్ స్నానమైతే మనిషికి ఒక బకెట్టు, మరో నాలుగు చెంబులు. అందులో గీజర్ నుంచి వచ్చే వేడినీళ్లు సగం, అంటే 12 లీటర్ల దాకా. షవర్ కింద నిలబడే వాళ్లకు దాదాపు రెట్టింపు. అందరికీ కలిపి సగటున 25 లీటర్లు వేసుకోండి, ఉదారంగానే వేశాం. 2100 లీటర్లు, లెక్క సులువుకు 2000 అనుకుందాం. సోలార్ వాళ్లు 3000 ఎందుకన్నారో నాకు అర్థం కాలేదు. మనిషికి ఇన్ని లీటర్లని ఇళ్ల లెక్క వేసి, పైన చేతికొచ్చింది కలిపి ఉంటారు.

నిండిన రోజున 2000 లీటర్లకు 70 యూనిట్లు. గీజర్లన్నీ పొద్దస్తమానం ఆన్‌లో ఉంటే ఊరికే పోయే వేడికి ఇంకో 12, 14. మీ బిల్లులో పై స్లాబ్ యూనిట్ పది రూపాయల దగ్గరుంది కాబట్టి నిండిన రోజు 850 రూపాయలు. కానీ లాడ్జి రోజూ నిండదు కదా. అరవై శాతం గదులు నిండితే రోజుకు 55 యూనిట్లు, నెలకు పదహారు పదిహేడు వేలు. కార్తీకంలో ఇంకాస్త ఎక్కువ, ఇరవై అనుకోండి. 58 వేల బిల్లులో మూడో వంతు. మిగతా ముప్పై ఎనిమిది వేలు ఏసీలు, లిఫ్టు, మోటార్లు, కింద హోటల్లో గ్రైండర్లు, ఫ్రిజ్‌లు. కాబట్టి రేపు హీట్ పంపు పెట్టాక బిల్లు సగానికి సగం పడిపోలేదని ఎవరినీ తిట్టుకోవద్దు.

నా లెక్క మీద కూడా నమ్మకం పెట్టుకోవద్దు. ఒక అంతస్తు గీజర్ల లైనుకు సబ్‌మీటర్ పెట్టించండి. ఎలక్ట్రీషియన్‌కు పూట పని. నెల రోజులు రూమ్ బాయ్ చేత రోజూ ఉదయం తొమ్మిదికి రీడింగ్, పక్కన ఆ రోజు ఆ అంతస్తులో ఎన్ని గదులు నిండాయో రాయించండి. మీ చేతిలో ఆ నోటుబుక్కు ఉంటే ఏ సేల్స్‌మనూ మీకు కథలు చెప్పలేడు.

నీళ్లు కాగడం లేదన్న ఫోన్లకు కారణం కరెంటు కాదు, 15 లీటర్ల డబ్బా. అందులో ఉన్న నీళ్లు ఒకరికి సరిపోతాయి, గట్టిగా పట్టుకుంటే ఒకటిన్నర మనిషికి. మళ్లీ కాగడానికి పావుగంట పైన పడుతుంది. గుడికి వచ్చిన కుటుంబం నాలుగున్నరకు లేచి, రాహుకేతు పూజ టికెట్ కోసం ఐదింటికల్లా క్యూలో ఉండాలని హడావిడి పడుతుంది. ముందు ఆయన పోసుకుంటాడు, తర్వాత ఆవిడ పిల్లాడిని పట్టుకుని కుళాయి తిప్పితే గోరువెచ్చగా వస్తాయి. ఫోను మోగేది అప్పుడే. పైగా అదే అరగంటలో ఇరవై గీజర్లు ఒకేసారి ఆన్ అయితే 40 కిలోవాట్ల లోడు. ఆ టైములో కరెంటు పోతే మీ జనరేటర్ అంత లాగుతుందా? లాగదు. అందుకే చాలా లాడ్జిల్లో జనరేటర్ లైను నుంచి గీజర్లను తప్పిస్తారు. అంటే కరెంటు పోయిన పొద్దున ఎవరికీ వేడినీళ్లు లేవు.

ఇక్కడే మీ మామయ్యగారి మాటలో పాయింటుంది. ఆయన మెచ్చుకుంటున్నది కట్టెలను కాదు, ఆ పద్ధతిని. రాత్రి రెండింటికి కట్టెలు పెట్టి, నాలుగింటికల్లా పెద్ద ట్యాంకు నిండా వేడినీళ్లు సిద్ధంగా ఉంచేవారు. అందరూ ఒకేసారి లేచినా ట్యాంకులో ఉన్న సరుకే కదా ఇవ్వాల్సింది. గీజర్లు వచ్చాక ఆ నిల్వ పోయింది, ఎవరి 15 లీటర్లు వారివి. నేను చెప్పేది మళ్లీ ఆ పద్ధతికే వెళ్లమని, కాకపోతే కింద కట్టెలుండవు. ఆయనతో ఈ మాట ఇలాగే చెప్పి చూడండి. కట్టెలకు మాత్రం తిరిగి వెళ్లకండి. అలాంటి బాయిలర్‌లో సగం పైన వేడి పొగగొట్టంలో పోతుంది. 2000 లీటర్లకు రోజుకు నలభై కిలోల పైన కట్టెలు కావాలి. అర్ధరాత్రి లేచి మంట పెట్టే మనిషి ఈ రోజుల్లో దొరకడం కట్టెలు దొరకడం కంటే కష్టం.

గ్యాస్ సంగతి రెండు మాటల్లో. తలుపేసుకుని స్నానం చేసే చిన్న బాత్‌రూమ్‌లో గ్యాస్ మండితే గాలిలో ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, కళ్లు తిరిగి పడిపోయేదాకా తెలియదు. మన దేశంలో గ్యాస్ గీజర్ల వల్ల బాత్‌రూముల్లో మనుషులు చనిపోయిన వార్తలు దాదాపు ప్రతి చలికాలం వస్తూనే ఉంటాయి. మీ గదుల్లో ఉండేది ఎవరో తెలియని యాత్రికులు, చలేస్తోందని వెంటిలేటర్‌కు టవల్ కుక్కే వాళ్లు కూడా ఉంటారు. ఆ కొటేషన్ చించేయండి. డబ్బు లెక్కలో కూడా అది గెలవదు, 2000 లీటర్లకు ఏడు కిలోల గ్యాస్, అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ మూడు రోజులు కూడా రాదు.

ఇక సోలార్. సోలార్ వాటర్ హీటర్ మంచి వస్తువే, ఎన్నో ఊళ్లలో ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా పనిచేస్తోంది. బెంగళూరులో ఇంటింటికీ కనబడుతుంది. కానీ మీ ఊరికి, మీ వ్యాపారానికి ఒక మెలిక ఉంది. శ్రీకాళహస్తి, తిరుపతి, నెల్లూరు వైపు పెద్ద వానలు పడేది ఈశాన్య రుతుపవనాలకు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. మీకు ఎక్కువ జనం వచ్చేది కార్తీకంలో. అంటే లాడ్జి నిండా మనుషులున్న రోజుల్లోనే అల్పపీడనం పట్టి మూడు నాలుగు రోజులు సూర్యుడు కనబడడు. మేలో ఎండ దంచేస్తుంది, అప్పుడు వేడినీళ్లు అడిగేవాడుండడు. మధ్యాహ్నం మామూలు కుళాయిలోంచే వేడినీళ్లు వస్తుంటే సోలార్ ట్యాంకులో ఎనభై డిగ్రీల నీళ్లు ఏం చేసుకుంటారు?

‘మబ్బు పడితే బ్యాకప్ ఉందండీ’ అని అంటారు. ఆ బ్యాకప్ ఏమిటో అడిగారా? సోలార్ ట్యాంకులో ఒక కరెంటు కాయిల్. మబ్బు పట్టిన వారం అది పెద్ద గీజర్, అంతే. వెయ్యి లీటర్లకు 35 యూనిట్ల లెక్క మళ్లీ మొదలు. దానికి తోడు మీ మేడ. రెండు వేల లీటర్లకు సరిపడా వేడి తీయాలంటే 28 చదరపు మీటర్ల దాకా కలెక్టర్లు కావాలి, మధ్యలో నడవడానికి, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడకుండా ఉండడానికి దాదాపు రెట్టింపు స్థలం. గుడి ఊళ్లో కోతులుంటాయి కాబట్టి గాజు ట్యూబుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

సబ్సిడీ వస్తుందని ఎవరైనా అంటే కాగితం చూపించమనండి. సోలార్ వాటర్ హీటర్లకు కేంద్రం ఇచ్చిన సబ్సిడీ 2014లోనే ఆగిపోయింది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ కరెంటు తయారుచేసే ప్యానెళ్లకు, అదీ ఇళ్లకు మాత్రమే, లాడ్జికి రాదు. ఆదాయపు పన్నులో సోలార్ పరికరాలకు ఎక్కువ తరుగుదల చూపించుకునే వీలుంది, హీట్ పంపుకు మీ కేసులో ఎంత వర్తిస్తుందో మీ ఆడిటర్‌ను అడగండి.

మేడ మీద ఎండను వదులుకోమని కాదు. ఒకటి రెండేళ్ల తర్వాత చేతిలో డబ్బు ఆడితే అక్కడ కరెంటు ప్యానెళ్లు పెట్టించండి. ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున నాలుగు యూనిట్లిస్తాయి. ఆ నాలుగుతో హీట్ పంపు పన్నెండు యూనిట్ల వేడి తీస్తుంది. చదరపు మీటరుకు చూస్తే సోలార్ వాటర్ హీటర్ ఇచ్చే వేడికి ఇంచుమించు సమానం. తేడా ఏమిటంటే, ఆ ప్యానెళ్లు మేలో మీ ఏసీలకు పనికొస్తాయి. మీ బిల్లులో పెద్ద ముక్క ఏసీలదే కదా.

హీట్ పంపు ఏం చేస్తుందో చెప్పాలి. ఏసీ బయటి యూనిట్ ముందు నిలబడితే మొహాన వేడిగాలి కొడుతుంది. గదిలోంచి లాగిన వేడి అది. హీట్ పంపు బయటి గాలిలోంచి వేడిని లాగి నీళ్లలోకి తోస్తుంది. కరెంటు ఖర్చయ్యేది ఆ తోయడానికే, వేడి పుట్టించడానికి కాదు. అందుకే ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్లకు పైగా వేడి వస్తుంది. బ్రోచర్లో నాలుగున్నర అని రాసి ఉండొచ్చు. అది బాగా వేడిగా ఉన్న గాలికి, తక్కువ వేడి నీళ్లకు వేసిన లెక్క. మీకు నీళ్లు 55 దాటాలి కాబట్టి 3.2 అనుకుంటే మోసపోరు.

లెక్క చూద్దాం. నిండిన రోజు నీళ్లకు 70 యూనిట్ల వేడి, పైపుల్లో, ట్యాంకులో పోయేది ఇంకో పది. మొత్తం 80. దాన్ని 3.2తో భాగిస్తే 25 యూనిట్ల కరెంటు, చిన్న పంపుకు ఇంకో రెండు. 84 యూనిట్ల చోట 27. అరవై శాతం నిండిన రోజున 55 చోట 19. రోజుకు 360 రూపాయలు మిగులుతుంది. వేసవిలో వాడకం తక్కువ కాబట్టి మిగులూ తక్కువే. ఏడాది మొత్తానికి లక్ష నుంచి లక్షా ఇరవై వేలు వేసుకోండి.

ఖర్చు 5 లక్షలు కాదు. ఆ కొటేషన్లో గదుల దాకా పైపులు లేవు, చూసుకున్నారా? ఇన్సులేషన్‌తో సహా 28 గదులకు లైను లాగితే ఇంకో రెండు రెండున్నర లక్షలు అవుతుందనుకుని దిగండి. మొత్తం ఏడున్నర. అలా చూస్తే ఆరేడేళ్లు పడుతుంది, పద్దెనిమిది నెలలు ఒట్టి మాట. కానీ బాత్‌రూమ్‌లు పగలగొట్టినప్పుడు పైపులు ఎలాగూ మార్చాలి, అందులో కొంత ఖర్చు ఇటు పడదు. ఉప్పునీళ్లకు గీజర్లు నాలుగైదేళ్లకోసారి మార్చడం, మధ్యలో కాయిళ్లు కాలిపోవడం కూడా తప్పుతుంది. ఇవన్నీ కలుపుకుంటే నాలుగేళ్లు. నిజాయితీగా చెప్పగలిగిన అంకె అదీ. బాత్‌రూమ్‌ల పని లేకపోతే మాత్రం గీజర్లను ఇంకొన్నాళ్లు లాగమనే చెప్పేవాణ్ని.

యంత్రం పెద్దది అక్కర్లేదు. 10 నుంచి 12 కిలోవాట్ల వేడినిచ్చేది చాలు. అది లాగే కరెంటు మూడు మూడున్నర కిలోవాట్లు, జనరేటర్ మీద కూడా నడుస్తుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా నడిపితే ట్యాంకు కాగిపోతుంది. ఆ వేళ గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి యంత్రానికి శ్రమ తక్కువ. మంచి పఫ్ ఇన్సులేషన్ ఉన్న రెండు వేల లీటర్ల ట్యాంకు తెల్లారేసరికి ఒకటి రెండు డిగ్రీలకు మించి చల్లబడదు. తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది దాకా మళ్లీ ఆన్ చేస్తే గంటకు మూడు వందల లీటర్ల దాకా కలుస్తుంటాయి. ఒకే పెద్ద ట్యాంకు కంటే వెయ్యి లీటర్లవి రెండు, నిలువువి, తీసుకోండి. ఒకటి కడగాల్సి వస్తే రెండోది నడుస్తుంది. రెండు టన్నుల నీళ్ల బరువు స్లాబ్ మధ్యలో పెట్టొద్దు. స్తంభాల తలల మీద పడేలా స్టాండు వేయించాలి, ఇంజనీరుకు చూపించకుండా ట్యాంకు పైకి ఎక్కించొద్దు.

యంత్రం పెట్టే చోటు గురించి పట్టుబట్టండి. తిరుపతిలో ఒక లాడ్జిలో చూశాను. వానకు తడుస్తుందని హీట్ పంపును మెట్ల మీది గదిలో పెట్టి తలుపేశారు. ఆ గదిలోకి వెళ్తే ఏసీ గదిలా చల్లగా ఉంది. యంత్రం తాను వదిలిన చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటోంది. పొద్దంతా నడిచినా నీళ్లు 45 దాటడం లేదు. వాచ్‌మన్ రాత్రిళ్లు అక్కడే పడుకునేవాడు, ఆయనకు మాత్రం హాయిగా ఉంది. హీట్ పంపు బయటే ఉండాలి, నాలుగు వైపులా గాలి ఆడాలి, పైన రేకు కప్పు చాలు. దాన్నుంచి నీళ్లు కారుతుంటాయి, డ్రెయిన్‌కు కలపండి. కింద ఏ గది మంచం ఉందో కూడా చూసుకోండి, కంప్రెసర్ మోత స్లాబ్‌లోంచి దిగుతుంది.

ఇక పైపులు. నా అనుభవంలో ఇలాంటి పనులు చెడేది ఇక్కడే, యంత్రం దగ్గర కాదు. ట్యాంకు నుంచి గది పదిహేను మీటర్ల దూరంలో ఉంటే మధ్య పైపులో నాలుగైదు లీటర్ల చన్నీళ్లు నిలబడి ఉంటాయి. అవి పోయాకే వేడివి వస్తాయి. యాత్రికుడు కుళాయి తిప్పి, చెయ్యి పెట్టి చూసి, రాలేదని ఫోన్ చేస్తాడు. దీనికి మందు రిటర్న్ లైను: ప్రతి నిలువు లైను చివర నుంచి నీళ్లు తిరిగి ట్యాంకుకు వెళ్లేలా ఒక సన్న పైపు, చిన్న పంపు. నీళ్లు తిరుగుతూ ఉంటాయి కాబట్టి కుళాయి తిప్పగానే వేడిగా వస్తాయి.

కానీ ఆ తిరగడమే ఖర్చు కూడా. మీ లాడ్జిలో అటూ ఇటూ కలిపి 150 మీటర్ల పైపు అవుతుంది. ఇన్సులేషన్ ఉన్నా మీటరుకు తొమ్మిది పది వాట్లు పోతాయి. రోజంతా తిప్పితే 32 యూనిట్ల వేడి గోడలకు పోయినట్టే, 28 గీజర్లు ఊరికే పోగొట్టే దానికంటే రెట్టింపు. అందుకని రిటర్న్ పంపుకు టైమర్ పెట్టించి ఉదయం మూడున్నర నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఒక గంట. అంతే. అప్పుడు ఎనిమిది యూనిట్లతో పోతుంది. నేను పైన వేసిన లెక్క ఈ టైమర్ ఉందనుకునే వేశాను. టైమర్ లేకపోతే ఆ లెక్క చెల్లదు.

పైపు వేడిని తట్టుకునే సీపీవీసీ రకం ఉండాలి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడి కీళ్ల దగ్గర వంగుతుంది. పైన నైట్రైల్ రబ్బరు తొడుగు, ఎండ పడేచోట దానిమీద రేకు కవరు. గోడ లోపల వెళ్లే పైపుకు తొడుగు అక్కర్లేదని ప్లంబరు అంటాడు, వినకండి. గోడ మూసేశాక మళ్లీ చేయలేరు. ప్లాస్టరింగ్‌కు ముందు మీరే వెళ్లి చూసి ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. వేడినీళ్ల ట్యాంకు, చన్నీళ్ల ట్యాంకు ఒకే ఎత్తులో ఉండేలా చూడండి. ఒకటి ఎత్తులో ఉంటే దాని ఒత్తిడికి మిక్సర్లోంచి చన్నీళ్లు వేడి లైనులోకి ఎగదన్నుతాయి, ఎక్కడ తప్పుందో కనిపెట్టలేక వారాలు తిరుగుతారు.

మీ నీళ్లు బోరువా, మున్సిపాలిటీవా రాయలేదు. గీజర్ కాయిల్ విప్పినప్పుడు దానిమీద తెల్లటి పెంకు ఎంత మందం ఉందో చూస్తే సగం తెలిసిపోతుంది. మిగతా సగానికి నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే ట్యాంకు ముందు ఆ కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టాల్సిందే. లేదంటే హీట్ పంపులో నీళ్లకు వేడినిచ్చే సన్న దారులు ఏడాదిలో పూడుకుపోతాయి, వారంటీ వాళ్లు ‘మీ నీళ్లు బాలేవు’ అని చేతులు దులిపేసుకుంటారు.

వేడి ఎంత పెట్టుకోవాలి అంటే, ట్యాంకులో 55 నుంచి 60 మధ్య. పొదుపని 45కు దించకండి. లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా ఉంది, 1976లో అమెరికాలో ఒక హోటల్లో జరిగిన సభకు వచ్చినవాళ్లకు న్యుమోనియా పట్టినప్పుడు తొలిసారి బయటపడింది. గోరువెచ్చగా నిలబడిన నీళ్లలో పెరుగుతుంది, షవర్ తుంపరతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 60 డిగ్రీలకు చస్తుంది. వారానికోసారి ట్యాంకును 60 దాటించండి, ఏడాదికోసారి కడిగించండి. అయితే 60 డిగ్రీల నీళ్లు ఒంటిమీద పడితే కొద్ది సెకన్లలో కాలుతుంది. గదులకు వెళ్లే లైను మీద, చన్నీళ్లు కలిపి వేడి తగ్గించే మిక్సింగ్ వాల్వ్ వేయించి 50 దగ్గర కట్టండి. పిల్లలు, ముసలివాళ్లు దిగే చోటు మీది.

ఈ పనులన్నీ మొదలయ్యేలోపు పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి ఉన్నాయి. గీజర్ థర్మోస్టాట్లు చాలావరకు చివరికంటా తిప్పి ఉంటాయి, 55కు దించండి. గది తాళం తీసి పెడితే లైట్లు వెలిగే కీట్యాగ్ స్విచ్ మీ గదుల్లో ఉంటే, గీజర్ దాని కిందికి వస్తుందో లేదో చూడండి. చాలాచోట్ల ఎలక్ట్రీషియన్ దాన్ని వేరే లైనులో ఇచ్చేసి ఉంటాడు. జనం గుడికి వెళ్తారు, కొండకు వెళ్తారు, గీజర్ మాత్రం సాయంత్రం దాకా కాగుతూనే ఉంటుంది.

ఇక పని ఎప్పుడు పెట్టుకోవాలి. శివరాత్రి బ్రహ్మోత్సవాలు, వేసవి సెలవులు దాటాక ఆషాఢంలో. అప్పుడు ఒక్కో అంతస్తు మూసేసినా నష్టం తక్కువ. కింది అంతస్తు బాత్‌రూమ్‌లు ఇప్పట్లో పగలగొట్టడం లేదంటున్నారు కాబట్టి వాటికి షాఫ్ట్‌లోంచి లైను దిగుతుందో లేదో ప్లంబర్‌తో చూపించండి. దిగకపోతే అక్కడ గీజర్లే ఉండనివ్వండి, ఏం కొంప మునగదు. పై అంతస్తుల నుంచి తీసిన గీజర్లను కూడా వెంటనే పాత సామాన్లవాడికి ఇవ్వకండి. బాగున్నవి ఆరేడు దాచండి, అంతస్తుకు రెండు గదుల్లో గీజర్ పాయింటు వదిలేయండి. కొత్త యంత్రం ఎప్పుడో ఒకరోజు మొరాయిస్తుంది.

కొటేషన్ మళ్లీ రాయించుకోండి. ‘రోజుకు ఇన్ని లీటర్లు’ అనే మాట ఒప్పుకోకండి. తెల్లవారుజామున నాలుగున్నరకు ట్యాంకులో 2000 లీటర్లు 55 డిగ్రీల మీద ఉండాలి, చివరి గది కుళాయిలో పదిహేను సెకన్లలో వేడినీళ్లు రావాలి అని రాయించండి. థర్మామీటరు పెట్టి చూస్తే తేలిపోయే మాటలివి. కంప్రెసర్‌కు ఎన్నేళ్ల వారంటీ, యంత్రం లోపలి గ్యాస్ కారితే ఎవరు నింపుతారు, మెకానిక్ తిరుపతిలో ఉంటాడా చెన్నై నుంచి రావాలా, ఇవి కూడా కాగితం మీద ఉండాలి. తిరుపతిలో మనిషి ఉన్న కంపెనీ పాతిక వేలు ఎక్కువ చెప్పినా దానికే ఇవ్వండి. హీట్ పంపుకు విడిగా ఒక మీటరు పెట్టమనండి, దాని రీడింగ్‌ను మీ నోటుబుక్కులో పాత గీజర్ల రీడింగ్ పక్కన రాసుకుంటే తేడా మీకే కనబడుతుంది.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు. సామాను దిగాక కొంత, నీళ్లు కాగాక కొంత, పది శాతం మాత్రం ఆపుకోండి. ఆషాఢంలో ఎనిమిది గదులకు నీళ్లిచ్చి ‘చూశారా మేడమ్, బ్రహ్మాండంగా ఉంది’ అంటారు. ఆ పది శాతం కార్తీకంలో మొదటి సోమవారం దాటాక ఇవ్వండి.